ఏకాంబరం ఇల్లు ఖాళీ చేసేదాకా

శ్రావణ మాసం వచ్చి నేను అత్తవారింటికి తిరిగొచ్చిన రోజే మా పట్టణంలో టీవీ సీరియళ్ళ మీద అభిప్రాయం చెప్పడం నేరమైంది. రెండింటికీ సంబంధం లేదని మా ఆయన అంటారు. కొత్తగా పెళ్ళయినవాళ్ళకి లోకంలో జరిగేవన్నీ తమ కోసమే జరుగుతున్నట్టు ఉంటుందట. కథంతా విన్నాక మీరే చెప్పండి. అయితే పూర్తిగా విన్నాకే చెప్పండి. సగంలో చెబితే మా ఊళ్ళో ఊరుకోరు.

ముందు ఆషాఢం సంగతి చెప్పాలి. మాది జ్యేష్ఠంలో పెళ్ళి. పసుపు బట్టలు ఇంకా ఆరనే లేదు, ఆషాఢం వచ్చేసింది. కొత్తకోడలు పుట్టింట్లో ఉండాలి, అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదు అన్నారు. సరే, ఫణి ఇక్కడ, నేను మా అమ్మ దగ్గర. రోజూ సాయంత్రం ఏడున్నరకి ఆయన ఫోన్ చేసేవారు. ఎవరింట్లో వాళ్ళం కూర్చుని, ఫోన్లు చెవికి ఆనించుకుని 'ఏకాంబరం అద్దె ఇల్లు' చూసేవాళ్ళం. అది కామెడీ సీరియల్. ఏకాంబరం అనే ఆయన ఒక ఇంట్లో అద్దెకి దిగుతాడు. ఖాళీ చేయించాలని ఓనరు చూస్తాడు. ఆయన చెయ్యడు. కథ అంతే. మా అమ్మ వాళ్ళింట్లో టీవీ ఒక్క క్షణం ముందు పలికేది. అంచేత ముందు నేను నవ్వేదాన్ని. నా నవ్వు విని, నేను దేనికి నవ్వానో అప్పుడు చూసి ఆయన నవ్వేవారు. ఆషాఢమంతా మా కాపురం ఆ ఒక్క క్షణం తేడాలోనే జరిగింది.

నా నవ్వు కొంచెం పెద్దది. కుక్కరు కూతలా మొదలై, ఆపమన్నకొద్దీ ఎక్కువవుతుంది. పెళ్ళిచూపుల్లో ఫణి కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీకి ఒక కాలు మెల్లగా ఒరిగిపోవడం నేను చూశాను. మర్యాదకి ఆయన కూడా దాంతోపాటే మెల్లగా ఒరుగుతూ, మా నాన్నగారితో వర్షాల గురించి మాట్లాడుతూనే ఉన్నారు. కాఫీ పళ్ళెంతో నించుని నవ్వేశాను. సంబంధం పోయిందని మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఫణి నేలమీంచే, "నాకు ఇష్టమేనండీ" అన్నారు.

ఇక చట్టం సంగతి. ఒక పెద్ద అధికారికి ఆయన బావమరిది ఒక కామెడీ సీరియల్ చూడమని చెప్పాడట. ఆయన చూశారు. నవ్వు రాలేదు. మర్నాడు ఆఫీసులో అందరూ దాన్ని తలుచుకుని నవ్వుతుంటే ఆయన కూడా నవ్వాల్సి వచ్చింది, కానీ కాస్త ఆలస్యంగా నవ్వారు. అందరూ చూశారు. లోపం సీరియల్‌లో ఉందా తనలో ఉందా అన్న అనుమానం ఆయన్ని పీడించి, చివరికి లోపం బావమరిదిలో ఉందని తేలింది. ప్రజలెవరూ ఇకమీదట ఇలా మోసపోకూడదని 'వీక్షణాభిప్రాయ నియంత్రణ మండలి' పుట్టింది. దానికి మా పట్టణంలో ఒక కార్యాలయం, ఆ కార్యాలయానికి ప్రాంతీయ వీక్షణాధికారి చిదంబరేశ్వరరావు గారు.

మండలి మొదటి ఉత్తర్వు చదివి మేమంతా మెచ్చుకున్నాం. "ఏ వీక్షకుడైనను ఒక ధారావాహికను సంపూర్ణముగా వీక్షించిన మీదటనే తత్సంబంధిత అభిప్రాయమును వెలిబుచ్చవలెను." నిజమే కదా. సగం చూసి బాగుంది, బాగాలేదు అనడం ఏం పద్ధతి?

మా అత్తయ్య వరహాలమ్మ గారికి ఒక్కరికే అందులో మెలిక కనిపించింది. ఆవిడ 'కోడలి కాటుక' అనే సీరియల్ మొదటిరోజు నుంచీ వదలకుండా చూస్తున్నారు. దాని గురించి ఎవరితోనూ మాట్లాడకుండా ఒక పూట గడిపేసరికి ఆవిడకి కడుపు ఉబ్బరం వచ్చింది. నన్ను వెంటబెట్టుకుని మండలి ఆఫీసుకి బయల్దేరారు.

"ఏం బాబూ, నేను పూర్తిగానే చూస్తున్నాను. ఒక్కరోజు మానలేదు. మా మరిది పెళ్ళిలో కూడా విడిదింట్లో చూశాను. మరి నేను చెప్పొచ్చా?"

చిదంబరేశ్వరరావు గారు సన్నగా, ఇస్త్రీ చేసినట్టుంటారు. జీవితంలో ఎప్పుడూ నవ్వలేదని పేరు. ఆ అర్హత మీదే ఆయన్ని ఈ ఉద్యోగంలో వేశారట.

"సదరు ధారావాహిక ముగిసినదా, అమ్మా?"

"ముగియడమేంటి బాబూ! కోడలు ఇంకా నిప్పుల మీద నడుస్తోంది. వినాయక చవితికి గానీ అవతలికి చేరదు."

"అట్లయిన మీరు చూసినది అసంపూర్ణము. ముగిసిన పిదప రండి."

"ముగిసిపోయాక ఇంక చెప్పి ఏం లాభం? ఎవరు చూస్తారు?"

"అది విధానపరమైన అంశము. మా పరిధిలోనిది కాదు."

అత్తయ్య బయటికొచ్చి మెట్ల మీద నించుని, చెప్పులు వేసుకుంటూ, "ఈయన భోజనం మొత్తం అయ్యాకే కూరలో ఉప్పు లేదని చెబుతాడు కాబోలు" అన్నారు.

ఆ మాటలోంచే దారి దొరికిందనుకుంటాను. మర్నాడు గోడవతల నుంచి కనకవల్లి పిన్నిగారు, "వదినగారూ, ఇవాళ ఏం కూర?" అని మామూలుగానే అడిగారు.

అత్తయ్య ఒక్క క్షణం ఆగి, "కాకరకాయ" అన్నారు. "చేదు విరగలేదు. నిన్న ఎనిమిదింటి నుంచీ ఒకటే చేదు."

పిన్నిగారు చురుకైనవారు. "అయ్యో, కోడలు మళ్ళీ ఆ సవతిని నమ్మిందా?" అనబోయి నోరు మూసుకుని, "అయితే ఇవాళ నేను ఆ కూర వండనులెండి" అన్నారు.

వారం తిరక్కుండా ఊరంతా పాకింది. కాకరకాయ అంటే చూడొద్దు. పనసపొట్టు అంటే ఓపికుంటే చూడొచ్చు. సొరకాయ అంటే కథ కదలడం లేదు. గుత్తివంకాయ అంటే పనులన్నీ మానుకుని చూడు. మేం నలుగురం సందులో నిలబడి కూరల గురించి మాట్లాడుకుంటే దారిన పోయేవాళ్ళు ఆగి, తల ఊపి, ఇళ్ళకి పరిగెత్తేవారు. అత్తయ్యకి ఉబ్బరం తగ్గింది.

మండలికి తెలియకపోలేదు. పాపం, పక్క వీధి రిటైర్డు హెడ్మాస్టరు గారిని పిలిపించారు. ఆయన రోజూ కాకరకాయే తింటున్నట్టు ఇరుగుపొరుగు అంతా సాక్ష్యం చెప్పారు.

"నాకు షుగరండీ" అన్నారాయన.

"మధుమేహమున్నంత మాత్రమున ఒక ధారావాహికపై దినదినమూ ద్వేషము ప్రకటించవచ్చునా?" అని చిదంబరేశ్వరరావు గారు అడిగారట. హెడ్మాస్టరు గారు దొండకాయకి మారారు. దొండకాయకి అప్పటిదాకా అర్థం లేదు. ఆయన పుణ్యమా అని దానికీ ఒకటి వచ్చింది: భయం వేస్తోంది గానీ బయటికి చెప్పలేను.

చివరికి రెండో ఉత్తర్వు వచ్చింది. గోడల మీదుగా, కిటికీల గుండా, సందుల్లో నిలబడి కూరల పేర్లు ఉచ్చరించరాదు. సందులన్నీ నిశ్శబ్దమయ్యాయి. కూరగాయల బండివాడు కూడా ఏం అమ్ముతున్నాడో చెప్పకుండా, "రండమ్మా, వచ్చి చూసుకోండి" అని అరుస్తూ వెళ్ళేవాడు.

ఇవేవీ నాకు పట్టలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకు భూకంపం వచ్చినా పట్టేది కాదు. ఏడున్నర అయ్యేసరికి ఫణి సోఫాలో ఉండేవారు, నేను ఆయన పక్కన ఉండేదాన్ని. ఒకే టీవీ. ఇద్దరం ఒకేసారి నవ్వేవాళ్ళం. నవ్వు అలా ఒకే క్షణంలో కలవడం ఎంత బాగుంటుందో ఫోన్ చెవికి పెట్టుకుని నవ్వినవాళ్ళకి తప్ప తెలియదు. మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడు ఆయన నా చెయ్యి తీసుకుని గాజులు ఒక్కొక్కటే మోచేతి దాకా తోసి, మళ్ళీ కిందికి జార్చేవారు. ప్రకటనలు కూడా బాగున్నాయనిపించేది. ఇది అభిప్రాయం కాదు.

మంగళవారం ఎపిసోడ్‌లో ఓనరు నలుగురు మనుషుల్ని వెంటేసుకుని ఏకాంబరం సామాను బయట పడేయడానికి వచ్చాడు. ఏకాంబరం ఎంతో మర్యాదగా, "శ్రమ మీకెందుకండీ, ఒక్క చెయ్యి వెయ్యండి చాలు" అని మంచం ఒక కొస ఆయన చేతికిచ్చాడు. ఇటు కాస్త, అటు కాస్త, మెల్లగా, తల వంచండి అంటూ ఆ మంచం మోయించి మోయించి, చివరికి చూస్తే ఓనరు మంచమే వీధిలో ఉంది. ఏకాంబరం రెండో గది కూడా ఆక్రమించాడు.

నేను నవ్వాను. కుక్కరు, ఆ తర్వాత నాలుగైదు కుక్కర్లు.

గురువారం నోటీసు వచ్చింది. మంగళవారం నాటి నా నవ్వు మా హాలు గోడ దాటి కనకవల్లి పిన్నిగారి ఇంట్లో పడింది. ఆవిడ అప్పుడు వేరే సీరియల్ చూస్తూ ఏడుస్తున్నారు. వెంటనే ఛానల్ మార్చి నవ్వారు. ఆవిడ నవ్వు ఆవిడ అవతలి గోడ దాటింది. అలా ఇల్లిల్లూ అంటుకుని, వీధి చివర మండలి ఆఫీసు కాపలావాడి దాకా వెళ్ళింది. అతను కూడా సెల్‌ఫోన్‌లో పెట్టుకుని నవ్వుతూ పట్టుబడ్డాడు. కనుక సదరు నవ్వు, అసంపూర్ణ ధారావాహికపై అనధికారిక సిఫారసు. విచారణకు హాజరు కావలెను.

పిన్నిగారు వాకిట్లోకొచ్చి కళ్ళు తుడుచుకున్నారు. "ఛానల్ ఎందుకు మార్చావని అడిగారమ్మా. ఆ పిల్ల అంత హాయిగా నవ్వుతుంటే ఇక్కడ కూచుని ఏడుపెలా చూస్తానండీ అన్నాను. అంతే అన్నాను. ఏమ్మా, కోపమొచ్చిందా నా మీద?"

"లేదు పిన్నిగారూ. మీరూ నవ్వారు కదా. అది చాలు" అన్నాను.

విచారణ గదిలో ఒక టీవీ, ఒక ఫ్యాను, ఎనిమిదిమంది సిబ్బంది ఉన్నారు. చిదంబరేశ్వరరావు గారు అభియోగం చదివి, శిక్ష కూడా ముందుగానే చదివేశారు. సమయం ఆదా అవుతుందట.

"కలిసి వీక్షించుట వలన అభిప్రాయములు ఒకరి నుంచి ఒకరికి సోకుచున్నవి. కావున మన సంప్రదాయమందలి ఆషాఢ మాస నియమమును ఆదర్శముగా గైకొని మండలి 'విడి వీక్షణ' అను శిక్షను రూపొందించినది. నిందితురాలు ఒక మాసము పాటు పుట్టింట నివసించవలెను. భర్తతో గానీ, అత్తతో గానీ ఒకే గడప దాటరాదు. ఏడున్నర నుంచి ఎనిమిది వరకు దూరవాణి సంభాషణ నిషిద్ధము."

 ఫోన్ కూడా లేదు! ఆ ఒక్క క్షణం తేడా కూడా లేకుండా ఒక మాసం!

"సార్, మేం ఇప్పుడే ఆషాఢం అయ్యి వచ్చామండీ" అన్నారు ఫణి. ఆయన గొంతు అంత సన్నగా నేనెప్పుడూ వినలేదు.

"అనుభవమున్నది కనుక ఇబ్బంది ఉండదు."

"శ్రావణ శుక్రవారం, కొత్తకోడలు వ్రతం చేసుకోవాలి. పుట్టింటికి పంపడమేంటి బాబూ?" అన్నారు అత్తయ్య. "నాకు పేరంటానికి మనిషెవరు?"

"వ్రతములు మా పరిధిలోనివి కావు."

నాకు ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే అడ్డదిడ్డంగా ఏదో ఒకటి నోట్లోంచి వచ్చేస్తుంది.

"నేను సీరియల్ చూసి నవ్వానని ఎవరన్నారు సార్?"

చిదంబరేశ్వరరావు గారు చేతిలో కాగితం కింద పెట్టారు.

"మరి దేనిని చూచి నవ్వినావు?"

"కొత్తగా పెళ్ళయిందండీ. నవ్వడానికి సీరియలే కావాలా? పక్కన మా ఆయన ఉన్నారు."

ఫణి చెవులు రెండూ ఎర్రబడ్డాయి. అత్తయ్య తలెత్తి ఫ్యాను రెక్కల్ని శ్రద్ధగా చూడసాగారు. ఎనిమిదిమంది సిబ్బందీ ఫణిని కొత్తగా చూశారు.

చిదంబరేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నారు. "ఇది గంభీరమైన న్యాయసందేహము. ఆ ఘట్టము హాస్యభరితమైనచో నీ నవ్వు సిఫారసు. కానిచో అది... ఆ... గృహసంబంధిత నవ్వు. గృహసంబంధిత నవ్వుపై మండలికి అధికారము లేదు. కావున ముందుగా ఆ ఘట్టమును పరిశీలించవలసి ఉన్నది."

టీవీ పెట్టారు. ఓనరు వచ్చాడు, మంచం కొస పట్టుకున్నాడు. నేను దుపట్టా కొస నోట్లో కుక్కుకున్నాను, అచ్చం మా అమ్మలా. గదిలో ఒక్కరూ కిక్కురుమనలేదు. ఉద్యోగాలు కదా.

ఎపిసోడ్ అయింది. చిదంబరేశ్వరరావు గారు కనుబొమలు ముడిచి, "ఇందులో నవ్వుటకేమున్నది? అసలా మనిషి ఇల్లు ఎందుకు ఖాళీ చేయడు?" అన్నారు.

"అదే కదా సార్ కథ" అన్నాను.

"మొదటి నుంచి చూడనిదే నిర్ణయించుట అసాధ్యము. మొదటి నుంచి పెట్టుడు."

ఇక రోజూ పదింటికి మేం ముగ్గురం, మా వెనక కనకవల్లి పిన్నిగారు, ఆవిడ వెనక వీధి, ఆఫీసుకి వెళ్ళేవాళ్ళం. పిన్నిగారు మరమరాలు తెచ్చేవారు. సిబ్బంది దస్త్రాలు మూసేసి కుర్చీలు టీవీ వైపు తిప్పుకున్నారు. ఏకాంబరం అద్దెకి దిగాడు. ఓనరు పెంచుకునే కుక్కని తనవైపు తిప్పుకున్నాడు. ఓనరు కరెంటు తీగ కత్తిరిస్తే, చీకట్లో భయమేస్తోందని ఓనరు గదిలోనే పడుకున్నాడు. అక్కడ చిదంబరేశ్వరరావు గారి దగ్గర్నుంచి "హుక్" అని ఒక చప్పుడు వచ్చింది. దగ్గు అని రాయించారు. మర్నాడు రెండు దగ్గులు. ఆ మర్నాడు ఆయన పదికి ఇంకా పావుగంట ఉండగానే వచ్చి, "ఇంకా రాలేదేమి?" అని మమ్మల్నే మందలించారు.

అలా చూసుకుంటూ మళ్ళీ మంగళవారం నాటి మంచం దగ్గరికి వచ్చాం. ఓనరు రొప్పుతూ, తల వంచి, తన మంచాన్ని తానే వీధిలో దించి, "హమ్మయ్య, పట్టుకెళ్ళు!" అన్నాడు.

ముందు చిదంబరేశ్వరరావు గారి భుజాలు కదిలాయి. తర్వాత కళ్ళజోడు జారింది. ఆ తర్వాత ఆయన లోపల ఎన్నాళ్ళనుంచో బిగించి ఉన్నదేదో వదులైనట్టు, తుప్పుపట్టిన గేటు తెరుచుకున్న చప్పుడుతో ఆయన నవ్వారు. బల్ల మీద కొడుతూ, "వాడి మంచమే! వాడి మంచమే!" అంటూ నవ్వారు. సిబ్బంది ఎనిమిదిమందీ నవ్వారు. గుమ్మంలో కాపలావాడు నవ్వాడు. వరండాలో వీధి నవ్వింది. అందరికన్నా ఆఖర్న, ఇంక ఆపుకోలేక, నేను.

నవ్వులు తగ్గాక ఆయన కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. ముఖం పాలిపోయింది.

"బాబూ, మీ నవ్వు సిఫారసా, గృహసంబంధమా?" అన్నారు అత్తయ్య, ఎంతో వినయంగా.

 సిఫారసు అయితే ఆయన్నీ, ఆయన నవ్వు విన్న కార్యాలయం మొత్తాన్నీ పుట్టిళ్ళకి పంపాలి. సీనియరు అసిస్టెంటు ఒకాయన లేచి, "సార్, మగవాళ్ళకి పుట్టిల్లంటే ఉంటున్న ఇల్లే కదండీ" అన్నాడు. "అప్పుడు భార్యలు వెళ్ళిపోవలసి ఉంటుందా?" అని ఇంకొకాయన కొంచెం ఉత్సాహంగానే అడిగాడు. చిదంబరేశ్వరరావు గారు చెయ్యెత్తి ఆపారు. ఆయనకి భార్య వెళ్ళిపోవడం ఇష్టం లేదు. ఇంతకుముందు ఆయన ముఖంలో అలాంటివేవీ ఉంటాయని నాకు తోచలేదు.

ఆయన నిలబడి తీర్పు చెప్పారు.

"సదరు ఘట్టము హాస్యభరితమా కాదా అనునది ఒక అభిప్రాయము. మండలి మొదటి ఉత్తర్వు మేరకు, ధారావాహిక సంపూర్ణమగు వరకు అభిప్రాయము వెలిబుచ్చు అధికారము మండలికి సైతము లేదు. కావున ధారావాహిక ముగియు వరకు విచారణ వాయిదా. ఇందాకటి శబ్దములన్నియు దగ్గులుగా పరిగణింపబడును."

"మరి మేమండీ?" అన్నారు ఫణి.

"నవ్వు అన్యులకు సోకకుండుటకు ముందుజాగ్రత్తగా, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు నిందితురాలును, ఆమె భర్తయు ప్రతిదినము ఏడున్నర గంటలకు ఒకే గృహమందు, ఒకే ఆసనముపై, హాలు తలుపులు, కిటికీలు మూసుకుని ఉండవలెను. విడిగా ఉండుట నేరముగా పరిగణింపబడును." నా వైపు చూడకుండా, "కార్యాలయము రోజూ పదింటికి పరిశీలన కొనసాగించును. మరమరాలు తేవచ్చును" అన్నారు.

కలిసి ఉండకపోతే నేరమట! ఇంటికెళ్ళే దారిలో ఫణి నా చెయ్యి వదల్లేదు. చట్టాన్ని గౌరవించే మనిషి.

ఇన్ని రోజులూ హాయిగా గడిచాక నిన్న సాయంత్రం గోడవతల నుంచి పిన్నిగారు కంగారుగా పిలిచారు. "ఏమ్మా సుమేధా, మీ ఏకాంబరం ఇవాళ ఇల్లు ఖాళీ చేసేస్తున్నాడట! ప్రోమోలో వేశాడు. తాళాలు కూడా ఇచ్చేశాడు!"

ఖాళీ చేస్తే సీరియల్ అయిపోతుంది. అయిపోతే తీర్పు వస్తుంది. తీర్పు వస్తే పుట్టింటికి. నేను దేవుడి గదిలోకి వెళ్ళి దణ్ణం పెట్టుకున్నాను, ఆ ఇల్లు ఏకాంబరానికే ఉండనివ్వమని. అప్పటికే అక్కడ అత్తయ్య దీపం వెలిగించి కళ్ళు మూసుకుని ఉన్నారు.

ఏడున్నర. తలుపులు, కిటికీలు మూశాం. ఏకాంబరం సామాను ఆటోకెత్తాడు. ఓనరు ఆనందంతో గుమ్మానికి తోరణం కట్టుకున్నాడు. ఆటో కదిలింది. సందు మలుపు తిరిగింది. ఫణి నా గాజుల మీద చెయ్యి వేసి ఊరుకున్నారు, కదపలేదు.

ఆటో ఆగింది. ఏకాంబరం దిగి వెనక్కొచ్చి తలుపు తట్టాడు. "కుక్కరు మూత మర్చిపోయానండీ." ఓనరు వెతకడానికి వంటింట్లోకెళ్ళాడు. మూత దొరకలేదు. "పర్లేదు, మెల్లగా వెతకండి" అంటూ ఏకాంబరం చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, లోపలికొచ్చి కూర్చున్నాడు.

నేను నవ్వాను. ఫణి నవ్వారు, అదే క్షణంలో. గోడవతల పిన్నిగారు దగ్గారు. వీధి వీధంతా దగ్గింది.

సీరియల్ ఎలా ఉందని మాత్రం నన్ను అడక్కండి. ఇంకా అయిపోలేదు. కాకపోతే వంటింటి కిటికీ మూయమని ఉత్తర్వులో లేదు. ఇవాళ పొద్దున్నే అత్తయ్య దాన్ని బార్లా తెరిచిపెట్టి, స్టవ్వు దగ్గర నించుని, గుత్తివంకాయల్లో కారం కూరుతున్నారు.